రేడియో, టీవీ వార్తల్లో, ఇంటర్వ్యూల్లో పక్షపాతం: కడప, కర్నూలు, అనంతపురం శ్రోతలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ రాజకీయ చర్చలు వినేవాళ్ళ కోసం, చూసేవాళ్ళ కోసం. ఏ పార్టీ మంచిదో ఇక్కడ చెప్పం. ఒక కార్యక్రమం ఒకవైపు ఒరిగిందని మీకనిపిస్తే దాన్ని ఎలా నిర్ధారించుకోవాలి, ఎవరికి రాయాలి, ఎంత గడువులో రాయాలి అనేవే ఇక్కడి విషయాలు.

ఆకాశవాణి, దూరదర్శన్ ప్రభుత్వానివేనా?

కాగితం మీద కావు. 1990లో పార్లమెంటు చేసిన ప్రసార భారతి చట్టం 1997లో అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి రెండూ ప్రసార భారతి అనే స్వతంత్ర సంస్థ కింద ఉన్నాయి. అంతకుముందు నేరుగా సమాచార ప్రసార శాఖ కిందే నడిచేవి. ఎమర్జెన్సీ రోజుల్లో రేడియోకు పడ్డ మచ్చ చూసి, 1978లో వర్గీస్ కమిటీ స్వతంత్ర సంస్థ కావాలని సిఫారసు చేసింది. అది చట్టంగా మారి అమలయ్యేసరికి ఇంకో 19 ఏళ్ళు పట్టింది.

ఆచరణకు వస్తే జీతాలకు డబ్బు కేంద్రం ఇచ్చే గ్రాంటు నుంచే వస్తుంది. వార్తా విభాగాల పైస్థానాల్లో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ అధికారులుంటారు. వాళ్ళ బదిలీలు, పదోన్నతులు మంత్రిత్వ శాఖ చేతిలోనే ఉంటాయి. చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలు చూపి ఫలానాది ప్రసారం చేయండనో, చేయొద్దనో కేంద్రం ఆదేశించవచ్చు. ఆ ఆదేశాన్ని పార్లమెంటు ముందు పెట్టాలన్న షరతు కూడా ఉంది. కాబట్టి "ప్రభుత్వ రేడియో" అన్నమాట చట్టం ప్రకారం తప్పే అయినా, జనం అలా అనడానికి కారణాలు లేకపోలేదు.

సమతూకం పాటించాలని చట్టంలో ఎక్కడైనా ఉందా?

ఉంది, 12వ సెక్షన్‌లో. పౌరుడికి స్వేచ్ఛగా, నిజాయితీగా, నిష్పాక్షికంగా సమాచారం అందాలి. భిన్నాభిప్రాయాలు వినిపించాలి. సంస్థ తనదంటూ ఏ అభిప్రాయాన్నీ, సిద్ధాంతాన్నీ ప్రచారం చేయకూడదు. ఈ సెక్షన్‌ను ఫిర్యాదులో పేరుపెట్టి రాయండి. "మీరు పక్షపాతం చూపుతున్నారు" అన్న మాటకు జవాబు చెప్పకుండా తప్పించుకోవచ్చు. "ఫలానా ప్రసారం 12వ సెక్షన్‌కు ఎలా సరిపోతుంది?" అన్న ప్రశ్నను అలా పక్కన పెట్టేయడం కష్టం.

1995లో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. రేడియో మీద మీకున్న హక్కు శ్రోతగా ఉన్న హక్కు మాత్రమే కాదు.

మరి ఎప్పుడు పెట్టినా మంత్రుల మాటలే ఎక్కువగా వినిపిస్తాయెందుకు?

కారణాలు మూడు నాలుగున్నాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది, ప్రభుత్వం రోజూ ఏదో ఒకటి చేస్తుంది. నిధుల విడుదల, సమీక్షా సమావేశం, శంకుస్థాపన ఏవైనా సరే, వాటికి ముందే తేదీ, వేళ, చోటు చెబుతారు. విలేకరికి ప్రకటన చేతికొస్తుంది. ప్రతిపక్షం వార్త అలా నడిచి రాదు, వెతికి తెచ్చుకోవాలి. జిల్లాల్లో ఆకాశవాణికి ఉండేది ఒప్పందం మీద పనిచేసే పార్ట్‌టైమ్ విలేకరి. కలెక్టరేట్ ప్రకటన పంపినంత తేలిగ్గా ఆయన ఉరవకొండలో పంటబీమా అందని వేరుశనగ రైతుల ధర్నాకు వెళ్ళలేరు.

రెండోది ఆకాశవాణి ప్రసార నియమావళి. 1960ల చివర్లో రూపొందిన ఆ నియమాల ప్రకారం ఏ పార్టీనీ పేరుపెట్టి దాడి చేయకూడదు. కేంద్రం మీదా, రాష్ట్రాల మీదా శత్రుభావంతో విమర్శ చేయకూడదు. విమర్శించడమే పనిగా ఉన్న ప్రతిపక్షానికి ఈ నియమం ఎక్కువగా అడ్డుపడుతుంది. పొగడ్తకు అలాంటి అడ్డు లేదు. కావాలని ఎవరూ ఏమీ చేయకపోయినా ఫలితం అధికారపక్షం వైపే ఒరుగుతుంది.

మూడోది భయం. పైనుంచి ఫోను రాకముందే, వస్తుందేమోనని కింద కూర్చున్నవాళ్ళు తీసేసే వార్తలుంటాయి. దీనికి కాగితం ఉండదు, ఆర్టీఐలో దొరకదు. లెక్కలు తీస్తేనే బయటపడుతుంది.

ఇక నిజంగానే ఆపిన సందర్భాలు. 2017 స్వాతంత్ర్య దినోత్సవానికి అప్పటి త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ రికార్డు చేసిన ప్రసంగాన్ని మార్చకపోతే ప్రసారం చేయబోమని ఆకాశవాణి, దూరదర్శన్ చెప్పాయి. ఆయన మార్చలేదు, వాళ్ళు వేయలేదు. అంతకు ముందు 2014 ఏప్రిల్‌లో, కేంద్రంలో కాంగ్రెస్ కూటమి ఉన్నప్పుడు, నరేంద్ర మోదీతో దూరదర్శన్ చేసిన ఇంటర్వ్యూలో కొన్ని భాగాలు కత్తిరించి వేశారు. కొన్ని భాగాలు ప్రసారం కాలేదని అప్పటి ప్రసార భారతి సీఈఓ జవహర్ సర్కార్ తన లేఖలో ఒప్పుకున్నారు. అధికారంలో ఎవరున్నా ఈ జబ్బు పోలేదని చెప్పడానికే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాం.

కడప రేడియోలో వచ్చిన వార్త మీద కడప కేంద్రానికే ఫిర్యాదు చేయాలా?

ఇక్కడే ఎక్కువమంది ఉత్తరాలు దారి తప్పుతాయి. కడప కేంద్రం 1963 నుంచి ఉంది. మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ మీద వినిపిస్తుంది. వ్యవసాయం, సాహిత్యం, ఆరోగ్యం, స్థానిక ముఖాముఖిలు, ఫోన్-ఇన్‌లు అక్కడ తయారవుతాయి. ప్రాంతీయ వార్తలు విజయవాడ వార్తా విభాగం నుంచి, జాతీయ తెలుగు వార్తలు కూడా బయటి వార్తా విభాగం నుంచే వస్తాయి. కడప కేంద్రం వాటిని రిలే మాత్రమే చేస్తుంది. అనంతపురం, కర్నూలు ఎఫ్ఎం కేంద్రాలకూ ఇదే వర్తిస్తుంది.

స్థానిక ముఖాముఖి మీదైతే ఆ కేంద్రం ప్రోగ్రాం అధిపతికి రాయండి. ప్రాంతీయ వార్త మీదైతే విజయవాడ ప్రాంతీయ వార్తా విభాగానికి రాయాలి. దూరదర్శన్ సప్తగిరి చర్చ మీదైతే విజయవాడ దూరదర్శన్ కేంద్రానికి. ఎటు పంపాలో తేలకపోతే కేంద్ర ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో సమాచార ప్రసార శాఖను ఎంచుకుని, ప్రసార భారతి కింద నమోదు చేయండి. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం 21 రోజుల్లో పరిష్కరించాలి. నమోదు సంఖ్య వస్తుంది, దాచుకోండి.

ఒకే ఇంటర్వ్యూ చూసి రెండు పార్టీలవాళ్ళూ "మాకు వ్యతిరేకం" అంటారు. ఎవరిది నిజం?

ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడకపోవచ్చు. 1985లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు వలోన్, రాస్, లెపర్ ఒక అధ్యయనం ప్రచురించారు. 1982 బీరూట్ మారణకాండ మీద వచ్చిన టీవీ వార్తలనే ఇజ్రాయెల్‌ను సమర్థించే విద్యార్థులకూ, అరబ్బులను సమర్థించే విద్యార్థులకూ చూపించారు. అవే దృశ్యాలు చూసి రెండు వర్గాలూ వార్త తమకే వ్యతిరేకంగా ఉందన్నాయి. మన వాదం సగమే చెప్పారన్నది మనకు గుర్తుంటుంది. అవతలి వాదం సగమే చెప్పారన్నది మనసుకు ఎక్కదు.

దీన్నిబట్టి పక్షపాతం అంతా భ్రమే అనుకోకూడదు. కోపం వచ్చిందన్నది రుజువు కాదు, అంతే. తూకం రాళ్ళు సరిచూసుకోకుండా సరుకు తూచితే ఆ లెక్కను ఎవరూ ఒప్పుకోరు. మీరు పెట్టే కొలత మీ పార్టీకి అనుకూలమైన కార్యక్రమానికీ వర్తించాలి.

ఇంటర్వ్యూలో పక్షపాతాన్ని ఎక్కడ పట్టుకోవాలి?

గొంతులో కాదు. యాంకర్ గొంతు, ముఖకవళికలు చూసి తీర్పు చెప్పేవాళ్ళే ఎక్కువ. అసలు ఒరుగు ఎంపికలో ఉంటుంది. ఎవరిని పిలిచారు, ఏ సంగతితో మొదలుపెట్టారు, ఏది వదిలేశారు, చివరి మాట ఎవరికిచ్చారు అన్నవి చూడండి.

కడప ఉక్కు కర్మాగారాన్ని తీసుకోండి. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన జరిగింది. 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ సెయిల్‌కు పని అప్పజెప్పారు. 2018 డిసెంబరులో చంద్రబాబునాయుడు ఎం. కంబాలదిన్నె దగ్గర రాయి వేశారు. 2019 డిసెంబరులో జగన్‌మోహనరెడ్డి సున్నపురాళ్ళపల్లె దగ్గర వేశారు. 2023 ఫిబ్రవరిలో అక్కడే జేఎస్‌డబ్ల్యూతో కలిసి మళ్ళీ భూమిపూజ చేశారు.

ఇప్పుడు యాంకర్ "2019లో వేసిన రాయి ఏమైంది?" అని మాత్రమే అడిగితే అది తప్పుడు ప్రశ్న కాదు, అందులోని ప్రతి అక్షరం నిజమే. కానీ 2007, 2018 రాళ్ళనూ, కేంద్రం వైపు తేలని సంగతినీ వదిలేశారు. "2018లో ఎన్నికలకు నాలుగు నెలల ముందు రాయి ఎందుకు వేశారు?" అని మాత్రమే అడిగినా అంతే. నాలుగు తేదీలూ చెప్పి, ఎదురుగా కూర్చున్న నాయకుడి పార్టీ హయాంలో ఏం జరిగిందో అడిగితే అది న్యాయమైన ప్రశ్న. రేపు అవతలి పార్టీ నాయకుడొచ్చినా అదే వరస పాటించాలి. హంద్రీ-నీవా మీదైనా, కర్నూలులో హైకోర్టు మీదైనా ఇదే పద్ధతి. కర్నూలు సంగతైతే 1937లో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నుంచి మొదలుపెట్టకుండా గత అయిదేళ్ళ నుంచే మొదలుపెడితే, ఎక్కడ మొదలుపెట్టారన్నదే ఒక తీర్పు అయిపోతుంది.

ఇంకో ఒరుగు ఉంది, దీన్ని పార్టీల లెక్కల్లో ఎవరూ పట్టించుకోరు. సీమ నుంచి అతిథిని పిలిస్తే నీళ్ళ గురించి రెండు ప్రశ్నలు, ఫ్యాక్షన్ గురించి ఆరు ప్రశ్నలు. జమ్మలమడుగు వైద్యుడైనా, ఆదోని వ్యాపారైనా సరే, ఫ్యాక్షన్ గురించి చెప్పాల్సిందే. ఏ పార్టీకీ నష్టం లేదు కాబట్టి ఏ పార్టీ ఫిర్యాదు చేయదు. శ్రోతలే చేయాలి. మా ఉద్దేశంలో మన మూడు జిల్లాలకూ పార్టీ పక్షపాతం కన్నా ఇదే ఎక్కువ చేటు చేసింది.

యాంకర్ మాట మాటకూ అడ్డుపడితే పక్షపాతమేనా?

ఒక్కరికే అడ్డుపడితే అనుమానించాలి. అందరికీ అడ్డుపడితే అది ఆ యాంకర్ తీరు. 1997లో బీబీసీలో జెరెమీ పాక్స్‌మన్, మాజీ హోం మంత్రి మైఖేల్ హొవార్డ్‌ను ఒకే ప్రశ్న దాదాపు పన్నెండు సార్లు అడిగారు. సూటిగా జవాబు రాలేదు కాబట్టే అడిగారు. జవాబు వచ్చాక కూడా అడుగుతుంటే అది వేధింపు. కాబట్టి అడ్డుపడిన సమయానికి ముందు నాయకుడు ప్రశ్నకు జవాబు చెబుతున్నాడా, పక్కదారి పడుతున్నాడా అన్నది రాసుకోండి.

సరే, కొలవడం ఎలా?

కావాల్సినవి ఒక నోటుబుక్కు, ఫోనులో స్టాప్‌వాచ్, ఇద్దరు మనుషులు. వాళ్ళు వేర్వేరు పార్టీలవైపు మొగ్గేవాళ్ళయితే మరీ మంచిది.

ముందు ఒక బులెటిన్‌నో, చర్చనో ఎంచుకోండి. కనీసం 14 రోజులు వరుసగా అదే వినాలి. మధ్యలో ఏ రోజూ వదలకూడదు, మీకు కోపం తెప్పించిన రోజులే ఏరుకోకూడదు. పేజీలో ఏడు గడులు గీయండి: తేదీ, వార్త ఎన్నోది, విషయం, ఎవరి గురించి, ఎన్ని సెకన్లు, ఆ మనిషి సొంత గొంతు వినిపించిందా లేక చదివేవాళ్ళు చెప్పారా, అవతలివాళ్ళ స్పందన ఉందా లేదా.

"ఎవరి గురించి" అన్న గడిలో ప్రభుత్వాన్నీ, అధికార పార్టీనీ వేరుచేయండి. కలెక్టర్ తుపాను హెచ్చరిక చెబితే అది ప్రభుత్వం. మంత్రి అదే సమావేశంలో ప్రతిపక్షాన్ని తిడితే అది పార్టీ. రెండూ కలిపి లెక్కేస్తే ఏ ప్రభుత్వమున్నా పక్షపాతమే తేలుతుంది, ఆ లెక్కకు విలువుండదు.

పది నిమిషాల బులెటిన్ అంటే 600 సెకన్లు, 14 రోజులకు 8,400. ఉదాహరణకు అధికార పార్టీ రాజకీయ ప్రకటనలకు 2,100 సెకన్లు, ప్రతిపక్షాలన్నిటికీ కలిపి 420 వచ్చాయనుకుందాం. అంటే 25 శాతం, 5 శాతం. అక్కడితో ఆగకుండా ఆ 2,100 సెకన్లలో ఎన్నిటికి అవతలి స్పందన ఉందో చూడండి. సమయం ఎక్కువైనా స్పందన ఉంటే ఒక సంగతి, లేకపోతే ఇంకో సంగతి.

చర్చల్లో అడ్డుపడిన సార్లను నిమిషాల మీద భాగించాలి. ఒకరు 20 నిమిషాల్లో 10 సార్లు, ఇంకొకరు 12 నిమిషాల్లో 9 సార్లు ఆగాల్సివచ్చిందనుకోండి. మొదటివారికే ఎక్కువసార్లు అడ్డుపడ్డట్టు కనిపిస్తుంది. కానీ నిమిషానికి చూస్తే మొదటివారికి 0.5, రెండోవారికి 0.75.

ఇద్దరూ విడివిడిగా రాసి చివర్లో సరిపోల్చండి. వందలో 80 చోట్లయినా ఇద్దరి నమోదు ఒకటిగా లేకపోతే మీ నిర్వచనాలు గట్టిగా లేవని అర్థం. మళ్ళీ కూర్చుని "స్పందన" అంటే ఏమిటో, "అడ్డుపడటం" అంటే ఏమిటో రాసుకుని మొదటి రెండు రోజుల రికార్డింగుల మీద సాధన చేయండి.

లెక్క ఎక్కువగా చెడేది ఎంచుకున్న వారాల వల్లే. అసెంబ్లీ సమావేశాల్లో అందరి సమయం పెరుగుతుంది, కొత్త ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసిన వారం అధికారపక్షం నిండిపోతుంది. అలాంటి వారాలొస్తే వదలకండి, పక్కన గుర్తు పెట్టండి. పోలికకు ఇంకో చానెల్‌ను కూడా అదే రోజుల్లో కొలిస్తే మీ మాటకు బలం వస్తుంది.

ఎన్నికలప్పుడు రేడియోలో పార్టీల ప్రసంగాలకు సమయం ఎలా పంచుతారు?

ఎన్నికల సంఘం పంచుతుంది, కేంద్రాల చేతిలో ఉండదు. 1998 నుంచి ఈ పద్ధతి ఉంది. అసెంబ్లీ ఎన్నికల్లో గుర్తింపు పొందిన ప్రతి జాతీయ, రాష్ట్ర పార్టీకీ 45 నిమిషాల కనీస సమయం ఇస్తారు. మిగిలింది గత ఎన్నికల్లో వచ్చిన ఓట్లను బట్టి పంచుతారు. ఒక్క విడతలో 15 నిమిషాలు దాటకూడదు. ఏ రోజు ఎవరిదన్నది లాటరీలో తేలుతుంది. గుర్తింపు లేని పార్టీలకూ, స్వతంత్రులకూ ఇందులో వాటా లేదు. కాబట్టి ఒక పార్టీ ప్రసంగం ఎక్కువసేపు వచ్చిందంటే అది గత ఓట్ల లెక్క కావచ్చు.

అయితే ప్రసంగపాఠం ముందే ఇవ్వాలి, వ్యక్తులను పేరుపెట్టి విమర్శించకూడదు, ఇంకా కొన్ని ఆంక్షలున్నాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి, ఫార్వర్డ్ బ్లాక్ నాయకుడు దేవరాజన్ ప్రసంగాల్లో కొన్ని మాటలు తీసేయించారు. ఇలాంటిదే మీ దృష్టికొస్తే పార్టీ ప్రసంగ సమయం ఎంతన్నది వదిలి, పాఠంలో ఏ మాట ఏ నియమం కింద తీసేశారో అడగండి.

మన్ కీ బాత్ రాజకీయ కార్యక్రమమా?

2014 అక్టోబరు 3న మొదలైంది. నెలలో చివరి ఆదివారం ఉదయం 11 గంటలకు వస్తుంది. ప్రధాని పదవిలో ఉన్న మనిషి మాట్లాడతారు, ఎదురు ప్రశ్న వేసేవాళ్ళుండరు, ప్రతిపక్ష నేతకు అలాంటి సమయం లేదు. 2024లో ఎన్నికల ముందు మూడు నెలలు ఆపారు. ఎన్నికలప్పుడు ఆపాల్సిన అవసరం వచ్చిందంటే దాని రాజకీయ ప్రభావం అందరికీ తెలిసినట్టే. దీన్ని ఇంటర్వ్యూల లెక్కలో కలపకండి, విడిగా చూపండి.

ప్రైవేటు ఎఫ్ఎంలో వార్తలు ఎందుకు రావు?

సొంతంగా వార్తలు తయారుచేసుకునే అనుమతి వాటికి లేదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా మళ్ళీ వేయవచ్చు. రేడియో వార్తల్లో ఆకాశవాణికి పోటీ లేదు కాబట్టే దాని బాధ్యత ఇంకా పెద్దది.

ప్రైవేటు టీవీ చానెళ్ళ మీద ఫిర్యాదు ఎలా?

మన దగ్గర ఏ ఇంట్లో ఏ చానెల్ మోగుతుందో విని ఆ ఇంటి ఓటు చెప్పేవాళ్ళున్నారు. 2019లో ఏబీఎన్, టీవీ5, 2024లో సాక్షి, టీవీ9, ఎన్టీవీ రాష్ట్రంలో కేబుల్ నుంచి మాయమై కోర్టులదాకా, ట్రిబ్యునల్‌దాకా వెళ్ళాయి. నచ్చని చానెల్‌ను కత్తిరించడం పక్షపాతానికి మందు కాదు, అది అంతకన్నా పెద్ద పక్షపాతం. దూరదర్శన్‌ను మాత్రం కేబుల్ చట్టం ప్రకారం ఆపరేటర్లు తప్పనిసరిగా ఇవ్వాలి.

ఫిర్యాదు ముందు చానెల్‌కే రాయాలి. 2021లో మారిన కేబుల్ నిబంధనల ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా 15 రోజుల్లో స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్ళాలి. ఆ చానెల్ ఇలాంటి స్వీయ నియంత్రణ సంస్థల్లో ఒకటైన ఎన్‌బీడీఎస్ఏ పరిధిలో ఉంటే ప్రసారమైన 7 రోజుల్లోపే చానెల్‌కు రాసి ఉండాలి. ఏది వర్తిస్తుందో తెలియనప్పుడు 7 రోజులే గడువనుకుని రాసేయండి. చానెళ్ళు ప్రసారాల రికార్డును 90 రోజులు ఉంచాలి కాబట్టి ఆ తర్వాత రాస్తే రుజువు దొరక్కపోవచ్చు.

డబ్బు తీసుకుని వేసిన వార్త అని ఎన్నికల సమయంలో అనుమానమొస్తే జిల్లా మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీకి వెళ్ళండి. దాని ఆఫీసు కలెక్టరేట్‌లో ఉంటుంది. ప్రసారమైన లేదా ఫిర్యాదు అందిన 96 గంటల్లో రిటర్నింగ్ అధికారి అభ్యర్థికి నోటీసు ఇవ్వాలి, అభ్యర్థి 48 గంటల్లో జవాబివ్వాలి.

ఫిర్యాదులో ఏం రాయాలి?

ఒక పేజీ దాటొద్దు. కార్యక్రమం పేరు, తేదీ, వేళ, ఎన్నో నిమిషం ఎన్నో సెకను దగ్గర ఏమన్నారు, అక్కడ ఏ వాస్తవం వదిలేశారు, ఏ నియమానికి విరుద్ధం, మీరు ఏం కోరుతున్నారు. సవరణా, అవతలి పక్షానికి సమయమా, వివరణా? ఒక్కటే అడగండి. యాంకర్ కులం, ఊరు, గతంలో ఎక్కడ పనిచేశారన్నవి రాస్తే మీ ఉత్తరం అక్కడే చచ్చిపోతుంది. పదిమంది ఒకే నకలు మీద సంతకాలు పెట్టి పంపేకన్నా ముగ్గురు వేర్వేరు నిమిషాలు చూపి రాయడం మేలు.

ఆర్టీఐ పనికొస్తుందా?

ప్రసార భారతికి వర్తిస్తుంది, ప్రైవేటు చానెళ్ళకు వర్తించదు. ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డరుగా లేదా కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లో కట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపై 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

"పక్షపాతం ఎందుకు చూపారు?" అని అడిగితే ఆ సమాచారం మా దగ్గర లేదంటారు. ఉన్న కాగితాన్నే అడగాలి: ఫలానా నెలలో చర్చలకు పిలిచిన అతిథుల జాబితా, ఫలానా రోజుల క్యూషీట్లు (ఏది ఎప్పుడు, ఎంతసేపు వేశారో రాసే పట్టీలు), ఫలానా బులెటిన్ వార్తల ప్రతి. పార్టీలవారీగా సమయం లెక్క కట్టివ్వమంటే కొత్తగా తయారుచేయాల్సిన పని లేదని తిరస్కరించవచ్చు. క్యూషీట్లు తెచ్చుకుని మీరే లెక్క కట్టుకోండి.

మమ్మల్నే ముఖాముఖికి పిలిస్తే?

మూడు సంగతులు ముందే అడగండి: లైవా, రికార్డింగా? మిగతా అతిథులెవరు? ఎన్ని నిమిషాలు? రికార్డింగయితే మీ ఫోనులో మీ మాటలు కూడా రికార్డు చేసుకుంటానని చెప్పి చేసుకోండి. కత్తిరించినప్పుడు మీ వాక్యం అర్థం మారిందో లేదో చూపడానికి అదే పనికొస్తుంది. ముఖ్యమైన మాటను మొదటి 30 సెకన్లలో చెప్పేయండి. అంకెలు చెబితే ఏ ఏడాదివో కూడా అదే వాక్యంలో చెప్పండి, విడిగా చెబితే ఎడిటింగ్‌లో ఏడాది ఎగిరిపోతుంది. రేడియోలో పార్టీల పేర్లు ఎత్తొద్దంటే అప్పటి ప్రభుత్వం, ఇప్పటి ప్రభుత్వం అని తేదీలతో మాట్లాడండి. విషయం ఎక్కడికీ పోదు.